గోశాల గోడకి పెట్టిన డబ్బా

శ్యామలాంబగారి ఆశ్రమంలో ప్రొద్దుటి పారాయణకి పీటలు ఆవిడే స్వయంగా వేసేవారు. డెబ్బై దాటినా ఆ పని మరొకరికి అప్పగించలేదు. ఎవరి పీట వాళ్లదే. రానివాళ్ల పీట కూడా గుడ్డతో తుడిచి, దాని చోట దాన్ని వేసేవారు. ముందు వరుసలో ఒక పీట రెండు నెలలుగా అలా ఖాళీగానే ఉంటోంది. అది హైమవతిది.

తోట చివర, గోశాల దాటాక, దిక్కులేని రోగుల కోసం కట్టించిన ఎనిమిది మంచాల వార్డు ఉంది. హైమవతి కోరి కోరి ఆ సేవ తీసుకుంది. మొదట్లో పారాయణ ముగించుకుని వెళ్లేది. అక్కడొకరు మూలుగుతూంటే ఇక్కడ కూర్చుని శ్లోకాలు చదువుకోవడమేమిటని తోచి, పోను పోను పడుకునే చాప కూడా వార్డుకే మార్చేసుకుంది. పారాయణా పోయింది, ఆ తరవాత అమ్మగారి దగ్గర కూర్చునే అరగంటా పోయింది. ఒకరోజు ఉదయం గంజి ఒలకబోసిందని అప్పలనరసమ్మ అనే ముసలావిణ్ణి గట్టిగా కసిరింది. కసిరిన మరుక్షణం కళ్లనీళ్లతో అమ్మగారి దగ్గరికి వచ్చేసింది.

"అమ్మా, ఉన్నదంతా వాళ్లకే ధారపోస్తున్నాను. అయినా నా నుంచి చల్లని మాట ఒక్కటీ వాళ్లకి చేరడం లేదు. నాలో ప్రేమే లేదేమో. ఈ సేవ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. నేను మా ఊరు వెళ్లిపోతాను."

అమ్మగారు ఆవిడ కళ్ల కింది నలుపు చూశారు. "వైఫై పెట్టడానికి పోలినాయుడు వచ్చాడు. ఈ పూట అతని వెంట ఉండు. సాయంత్రం మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ వైఫై కోసం వార్డు ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తోంది. పట్నం డాక్టరు వారానికొకసారి ఫోనులో రోగుల్ని చూస్తాడు. ఆఫీసు గదిలో ఉన్న వైఫై తోట చివరిదాకా రాదు. వైరు లాగితే కోతులు కొరికేస్తున్నాయి. అందుచేత కాలి పుండు చూపించాలంటే అప్పలనరసమ్మను మంచంతో సహా ఆఫీసుదాకా మోసుకురావలసి వచ్చేది.

పోలినాయుడు యాభై ఏళ్లవాడు, నిదానస్తుడు. ఫోను అరచేతిలో పెట్టుకుని, సిగ్నల్ చూసుకుంటూ, ఆఫీసు దగ్గర మొదలుపెట్టి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. వంటశాల దాటి గోశాల గోడ దగ్గర ఆగి, వైఫై అందించే చిన్న డబ్బా ఒకటి సంచిలోంచి తీశాడు. "డబ్బా ఇక్కడ పెడితే బాగుంటాదమ్మా" అన్నాడు.

"ఆవులకెందుకయ్యా వైఫై?" అంది వెంట ఉన్న హైమవతి. "రోగులున్నది వార్డులో. అక్కడే పెట్టు."

"అది కాదమ్మా..."

"అవసరం ఎక్కడుంటే అక్కడుండాలి నాయుడూ. ఇక్కడ నిలబడిపోతే ఎలా?"

"సరేనమ్మా. సూస్తే మీకే తెలుస్తాది."

డబ్బాని అప్పలనరసమ్మ తలాపునే బిగించాడు. పచ్చదీపాలు వెలిగాయి. హైమవతి ఫోనులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపించాయి. ఆవిడ ముఖం విప్పారింది. తీరా డాక్టరుకి ఫోను చేస్తే తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ చేసింది. మళ్లీ చక్రమే.

మంచం మీంచి అప్పలనరసమ్మ తొంగిచూసింది. "దీపాలు ఎలగడం ఎలిగాయి గానీ, దాక్టరుబాబు మొకం ఏదమ్మా? చక్రాన్నే మొక్కమంటావేటి?"

"గీతలన్నీ ఉన్నాయి కదా నాయుడూ!" అంది హైమవతి.

"ఆ గీతలు మీ ఫోనుకీ ఈ డబ్బాకీ మజ్జిన ఉన్నవమ్మా. పక్కనే ఉంది కాబట్టి నిండుగానే అగుపిస్తాయి. ఇది సొంతంగా పుట్టించేది ఏటీ లేదు. ఆఫీసు కాణ్ణించి అందుకుంటే ఇక్కడ అందిస్తాది. అందని దూరం వచ్చి కూకుంటే దానికే లేదు, మీకేటిస్తాది?"

ఎవరూ చెప్పకుండానే హైమవతి డబ్బాని తనే ఊడదీసి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని గోశాలకి నడిచింది. పోలినాయుడు దాన్ని అక్కడి గోడకి బిగించాడు.

ఈసారి వార్డులో కనిపించిన గీతలు రెండే. కానీ డాక్టరు ముఖం వచ్చింది. పుండు మానుముఖం పట్టిందని చెప్పాడు. హైమవతి వంగి ఆ కాలికి కట్టు కడుతూ, "పొద్దున్న కసిరాను, మనసులో పెట్టుకోకు" అంది.

"కసిరితే కసిరావులే. గంజి మల్లీ ఇస్తావా ఏటి?" అంది అప్పలనరసమ్మ.

సాయంత్రం అమ్మగారు పీట ఒకటి ఒళ్లో పెట్టుకుని, పగులు పట్టిన చోట నూనె రాస్తున్నారు. హైమవతి జరిగిందంతా చెప్పింది.

"అయితే డబ్బాని రోగుల పక్కనుంచి తీసేశారన్నమాట. వాళ్లకి అన్యాయం చేశారేమో!" అన్నారు అమ్మగారు తలెత్తకుండానే.

"లేదమ్మా, ఇప్పుడే కదా వాళ్లకి..." అంటూ హైమవతి మధ్యలో ఆగిపోయింది. అమ్మగారి ఒళ్లో ఉన్న పీట ఎవరిదో అప్పుడు చూసింది.

అమ్మగారు నూనె చేతిని గుడ్డకి తుడుచుకున్నారు. "పారాయణ అయ్యేదాకా వంటశాలవాళ్లు వార్డులో ఉంటారు. తెల్లవారుజామున మంచు కురుస్తోంది, వచ్చేటప్పుడు శాలువా కప్పుకుని రా."