పుల్లకోడె పలక

"ఫలం మీద ఆశ వదులుకోమంటారు. ఆశే పోయాక పనిలో ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది అయ్యవారూ?"

కామేశం ఈ మాట అడిగి చాలాకాలమయింది. అతను కోనసీమ నుంచి వచ్చి చిత్తూరు కొండల నడుమ ఒక చిన్న ఆశ్రమంలో చదువుకుంటున్నాడు. తర్కంలో గట్టివాడు. జవాబు రాకపోయేసరికి అదే ప్రశ్నను తిరగేసి, మరగేసి అడుగుతూనే ఉన్నాడు. చెంగల్రాయ అయ్యవారు వాదానికి దిగే మనిషి కారు. ఒకనాటి పొద్దున కండువా భుజాన వేసుకుని, "పక్క ఊళ్లో పశువుల పండగంట. వస్తావా నాయనా?" అన్నారు.

వేదాంతం అడిగితే ఎద్దుల పందెమా అని కామేశం లోలోపల నొచ్చుకున్నాడు. అయినా వెంట నడిచాడు.

ఊరి పెద్దవీధికి రెండుపక్కలా మిద్దెల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. డప్పుల మోతకు గోడలే అదురుతున్నట్టుంది. అయ్యవారిని చూసి పొన్నమ్మ అనే రైతు తన మిద్దె మీద చోటిచ్చింది. ఆమె పెంచిన లేత ఎర్రరంగు పుల్లకోడె కూడా ఆనాడు వీధిలోకి దిగబోతోంది. కామేశం ఈ ఆట ఎరగడని తెలిసి ఆమెకు భలే హుషారు పుట్టింది.

"కొమ్ముల నడుమ చెక్క కట్టినామే, అదీ పలక. వట్టి చేతుల్తో దాన్ని లాక్కున్నోడిది గెలుపు. పలకతోనే కోడె వీధి దాటిందా, గెలుపు కోడెది. కర్ర తాకించగూడదు, తోక పట్టగూడదు."

"మరి వీళ్లలో గట్టివాడెవరమ్మా?"

"అద్దో, ఆ పసుపు బనీనోడు, ఏకాంబరం. ఈ చుట్టుపట్ల వాడు లాక్కోని పలక లేదు, నా పుల్లకోడెది తప్ప. ఏటేటా వస్తాడు, దుమ్ము తిని పోతాడు. ఈసారి పలక లేకుండా ఇంటికి రానని పెండ్లానికి చెప్పొచ్చినాడంట!"

మొదటి కోడె దూసుకొచ్చినప్పుడు కామేశం కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాతిదానికి పిట్టగోడ దాకా జరిగాడు. మరి కాసేపటికి, మూపురం మీద చెయ్యి వేసినవాడు నిలుస్తాడనీ, కొమ్ముకు ఎదురెళ్లినవాడు ఎగిరిపడతాడనీ పక్కవాళ్లకు తనే చెప్పసాగాడు.

అంతలో పుల్లకోడె వచ్చింది. రావడం కాదు, వీధిని చీల్చుకుంటూ పడింది. ఏకాంబరం ఎగిరి మూపురం కరుచుకున్నాడు. కోడె ఒక్క విదిలింపుతో అతన్ని అరుగు మీదికి విసిరేసింది. లేచాడు, మళ్లీ వెంటపడ్డాడు. వీధి చివర మలుపులో కోడె కాలు జారింది. మెడ పలుపు గోడవార పాతిన రాతిగూటానికి చిక్కుకుని బిగిసింది. కోడె నేలమీద పడి గిలగిల కొట్టుకుంటోంది, నాలుక బయటికొచ్చింది. "నా బిడ్డా!" అని పొన్నమ్మ మెట్లవైపు పరుగెత్తింది.

ఏకాంబరం అప్పటికే దాని తల దగ్గరున్నాడు. పలక అతని చేతికి జానెడు దూరంలో ఉంది.

"లాగు! పలక లాగు!" కామేశం పిట్టగోడ మీదికి వంగి అరిచాడు.

ఏకాంబరం పలక లాగలేదు. వెనక నుంచి ఉరికి వస్తున్న కుర్రకారును "ఎవురూ ముట్టగూడదు!" అని ఒక్క కేకతో ఆపి, రెండు కొమ్ముల మధ్యకు రొమ్ము ఆనించి, కోడె తలను తన భుజంతో పైకెత్తాడు. పలుపు వదులయింది. గూటం నుంచి దాన్ని తప్పించాడు. కోడె లేచి, లేస్తూనే అతన్ని గోడకు తోసి దౌడు తీసింది. ఏకాంబరం గోడను కాలితో తన్ని మళ్లీ దాని వెంటే! చెయ్యి చాచాడు, అందింది, జారింది. కోడె పలకతోనే వీధి దాటిపోయింది. ఊరు ఊరంతా కేకలు వేసింది. కామేశం ఏమని అరిచాడో అతనికే తెలియదు.

కిందికి దిగేసరికి ఏకాంబరం చినిగిన బనీనుతో, చెక్కుకుపోయిన రొమ్ముతో తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. పొన్నమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తోంది.

"కోడె పడినప్పుడు చేతికందేదే కదయ్యా, ఎందుకు వదిలావు?" అన్నాడు కామేశం, ఉండబట్టలేక.

"పడినదాని నుంచి ఊడబెరికితే అది వట్టి చెక్కముక్క సామీ! లేచినాక ఏం పరిగెత్తిందో చూస్తిరా? అబ్బ!"

తిరుగు దారిలో కామేశం నోరు మూతపడలేదు. కోడె ఎలా మలుపు తిరిగిందో తను తిరిగి చూపించాడు, ఏకాంబరం ఎలా ఎగిరాడో ఎగిరి చూపించాడు. ఆశ్రమం కనుచూపుమేరలోకి వచ్చాక గాని అసలు సంగతి గుర్తుకు రాలేదు.

"అయ్యవారూ, నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు మీరు."

మాట పీలగా, గీరుకుపోయి వచ్చింది. అయ్యవారు నిలబడి, వెనక్కి తిరిగి అతన్ని ఎగాదిగా చూశారు.

"గొంతు అట్ల పోయిందేమి నాయనా? ఆ పలక నీకేమైనా ఇస్తామన్నారా?"