చాడీలు చెప్పిన పెట్టె

కిరీటాలు ఇంకా పోకముందే లారీలు వచ్చేసిన చిత్రగిరి రాజ్యంలో ఏనుగులు ఏడు, డీజిల్ లారీ ఒకటి ఉండేవి. లారీ మూడు వారాలుగా కదలడం లేదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె రోజుకో తప్పు చూపించేది. పంపు చెడిందని చూపిస్తే మంత్రి చండవర్మ పంపుతోపాటు డ్రైవరునూ మార్చేవాడు. ఫిల్టరు చెడిందంటే ఫిల్టరూ మారేది, ఇంకో డ్రైవరూ పోయేవాడు. అలా ఆరుగురు పోయాక మెకానిక్ దస్తగిరిని పిలిపించారు.

"ఒరేయ్, సాయంత్రంలోగా ఇది కదలకపోతే గుండు కొట్టించి ఊరేగిస్తా. గాడిదను కూడా తెప్పించాను," అన్నాడు మంత్రి, రాజు ఎదుటే.

దస్తగిరి వైర్లూ సెన్సర్లూ పరీక్షించాడు. అన్నీ బాగానే ఉన్నాయి. స్కానర్ తగిలిస్తే, ఇంజిన్ సలసల కాగుతోందని కంప్యూటర్ చెప్పింది.

"మహారాజా, ఒకసారి ఇంజిన్‌మీద చెయ్యి పెట్టండి."

రాజు భయపడుతూ చిటికెనవేలు ఆనించాడు. "మజ్జిగకుండలా చల్లగా ఉందేమిటోయ్!"

"మూడు వారాలుగా తిరగని ఇంజిన్ కదా. అబద్ధమాడుతున్నది కంప్యూటరే," అని దస్తగిరి స్పానర్‌తో ఆ పెట్టె విప్పి కొత్తది బిగించాడు. లారీ గుర్రుమని లేచింది.

మంత్రి ఊరుకోలేదు. "ఆ డ్రైవర్లే పాడుచేశారు ప్రభూ! ఇంతకుముందు నేను మార్పించిన ప్రతి వంటవాడూ దొంగే, ప్రతి కాపలావాడూ దొంగే!"

"ఎందరిని మార్చినా ఫిర్యాదు ఆగకపోతే, మార్చాల్సింది ఫిర్యాదు చేసేదాన్నే మహారాజా," అన్నాడు దస్తగిరి. "నేను చెప్పేది పెట్టె సంగతి."

రాజు మంత్రి వైపు ఒకసారి చూసి, మెకానిక్ వైపు తిరిగాడు.

"దస్తగిరీ, ఆ స్పానర్ ఇంకా నీ చేతిలోనే ఉందా? ఇక్కడ ఇంకొకటి మార్చాల్సింది ఉంది."

తెప్పించిన గాడిదను ఆ సాయంత్రం ఖాళీగా పంపలేదు.