సంగీతం చెడిన సంవత్సరం

చింతమెరక రాజుగారు నరసభూపతికి ఒకనాడు పొద్దున్నే సంగీతం మీద కోపం వచ్చింది.

కోటగోడ కింద లింగోజీ అనే ఇరవయ్యేళ్ళవాడు కంజీర వాయిస్తూ ఏదో కొత్త పాట ఎత్తుకున్నాడు. వూళ్ళో పడుచువాళ్ళంతా చుట్టూ చేరి చిందులేస్తున్నారు. ఆ పాట మేడమెట్లెక్కి వచ్చి సరాసరి రాజుగారి ఫలహారంలో పడింది. ఆయన తినేది పక్కకు నెట్టి సభకు వచ్చి, వెనకటి సంగీతం ఏమయిందని అడిగారు.

ఆ ప్రశ్న కోసమే ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్న ఆస్థాన విద్వాంసుడు మార్కండేయశాస్త్రి చటుక్కున లేచాడు. సంగీతాన్ని చెడగొట్టారనీ, చెడగొట్టింది ఆ లింగోజీయేననీ, వాడికి గుండు గీయించి, గాడిదెక్కించి పొలిమేర దాటిస్తే గాని సరస్వతి మళ్ళీ ఈ వూరి మొహం చూడదనీ మనవి చేశాడు. రాజుగారికి ఆ మాట నచ్చింది. సంగీతాన్ని చెడగొట్టింది ఎవరైనా సరే గుండూ గాడిదే శిక్ష అని అప్పటికప్పుడు శాసనం రాయించారు.

మరి విచారణ ఎవరు చేస్తారు? సంగీతం తెలిసినవాడైతే ఏదో ఒక పక్కకు మొగ్గుతాడు. బొత్తిగా తెలియనివాణ్ణి చూడమన్నారు రాజుగారు. సభంతా ఒక్కసారిగా పోలయ్యకేసి తిరిగింది.

పోలయ్య రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే మనిషి. తన సంగీతజ్ఞానం గురించి తానే చెప్పుకునేవాడు. చిన్నప్పుడు ఉయ్యాలలో చెల్లెలికి జోల పాడితే, ఆ పిల్ల ఏడుపు ఆపి తనకేసి జాలిగా చూసిందట. నిజం చెప్పాలంటే లింగోజీ పాట అతనికీ నచ్చలేదు. అయితే నచ్చకపోతే చెవులు మూసుకోవాలి గాని ఎదటివాడికి గుండు గీయించడమేమిటి? అవతల భటులు పట్టుకొచ్చిన లింగోజీ కంజీరను గుండెకు హత్తుకుని, పొలిమేర దాటితే తనకెవరున్నారన్నట్టు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

పోలయ్య గొంతు సవరించుకున్నాడు. నేరమన్నాక అది ఎప్పుడు జరిగిందో తేలాలి కదా అన్నాడు. సంగీతం ఏ యేడు చెడిందో పెద్దలు సెలవివ్వాలన్నాడు.

శాస్త్రి తడుముకోలేదు. "యువనామ సంవత్సరం. దాంతో సరి. ఆ తర్వాత పాటన్నదే లేదు."

దివాను రంగరాయనింగారికి చుర్రుమంది. ఆయన లెక్క ప్రకారం సంగీతం మన్మథ దాకా బంగారంలా ఉంది.

"అయితే శాస్త్రిగారూ, యువ తర్వాత ఇరవయ్యేళ్ళు నేను విన్నదేమిటండీ?"

"గేదెలు."

ఇద్దరూ జుట్లు పట్టుకునేలా ఉంటే రాజుగారు మధ్యలో కల్పించుకుని, అసలు మాట తనను అడగమన్నారు. ప్లవలో చెడిందనీ, అంతకుముందు చెడిందన్నవాడికి చెవుల్లేవనీ, తర్వాత చెడిందన్నవాడికి బుద్ధి లేదనీ తేల్చారు. ఇవన్నీ రాసుకుంటున్న రాయసగాడు కామేశానికి పాతికేళ్ళు నిండలేదు. వాడు కూడా కలం ఆపి, తననడిగితే నిరుడు మాఘంలో చెడిందని నిట్టూర్చాడు. ముందటేడు కోటగోడ కింద అందరికంటే ఎత్తున ఎగిరినవాడు వాడే.

పోలయ్య వేళ్ళు లెక్కబెట్టాడు. లింగోజీ పుట్టింది ప్లవ మరుసటి యేడు, శుభకృతులో. అంటే వాడు పుట్టకముందే మూడుసార్లు, వాడు పాడుతుండగా ఒకసారి సంగీతం చెడిందన్నమాట. భూమ్మీద పడకముందే ఎవడూ కంజీర కొట్టడు గనక, అసలు నేరస్థుడు వేరే ఉండాలి.

"ఒకరిని అనడమెందుకు, ముందు నా సంగతి చెబుతాను," అన్నాడు. "నాకు సంగీతం వికారిలో చెడింది. ఆ యేడు వైశాఖంలోనే నా పెళ్ళి."



శాస్త్రిగారింట యువలో విశేషమేమిటని పోలయ్య వినయంగా అడిగాడు. అయిదురోజుల పెళ్ళి, పూలపల్లకీ అంటూ శాస్త్రి గర్వంగా ఎత్తుకుని, పల్లకీ దగ్గర టక్కున ఆగిపోయాడు. దివానుగారికి పైకప్పు మీద చూడవలసినదేదో కనిపించింది. కామేశం కాగితం మీద సిరా ఒలికింది. రాజుగారు వేళ్ళు మడుస్తూ మడుస్తూ ప్లవ దగ్గర వేలు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్న తెర వెనక రాణిగారి గాజులు గలగలలాడాయి.

పోలయ్య చేతులు కట్టుకున్నాడు.

"శాసనంలో ఎవరైనా సరే అని ఉంది ప్రభూ. గాడిదలు అయిదు కావాలి. మొదటిది మా ఇంటికి నేనే తోలుకుపోతాను, మా ఆవిడ చేతిలో చీపురు లేని వేళ చూసుకుని. అయిదోది ఏ వాకిట కట్టమంటారు?"

రాజుగారు తెరవైపు చూడబోయి మానుకున్నారు. తెరే మాట్లాడింది.

"పోలయ్యా, ఏలినవారిని ఒక్కమాట అడుగు. పెళ్ళినాటి కచేరీలోనే నా భుజాన తల వాల్చి గుర్రుపెట్టారు. ఆ తర్వాత ఒక్క పాటన్నా మేలుకుని విన్నారా? వినని పాట చెడిందని ఎవరు చెప్పారట?"

ముందు రాజుగారే నవ్వారు. కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వి, శాసనం తనే చింపేశారు. దివాను నవ్వాడు, కామేశం నవ్వాడు. ఈ కబురు తనకంటే ముందు ఇల్లు చేరుతుందేమోనని బెంగపడుతూనే శాస్త్రి కూడా నవ్వాడు. తెర కిందినుంచి రాణిగారి ముత్యాలపేట ఒకటి పోలయ్య దోసిట్లోకి వచ్చింది. రాజుగారు తన శాలువా తీసి లింగోజీకి కప్పి, ఈసారి చివరిదాకా వింటాను, పాడవయ్యా అన్నారు.

"మేలుకుని," అంది తెర.