మసి పట్టిన దయ్యం

పూర్వం ఒక కొండ సంస్థానంలో దొరవారికి ఒక మోటారు ఉండేది. దాన్ని నడిపిన గురవడు పోయి నెల తిరక్కముందే బండికి రోగం పట్టుకుంది. శ్మశానం పక్కనున్న ఎత్తు ఎక్కబోతే చాలు, సత్తువ చాలక వణికిపోయి, అచ్చం గురవడిలాగే ఖళ్ళుఖళ్ళున దగ్గేది.

"గురవడి దయ్యమే! పెళ్ళాం ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ వదలదు. ఆమెను తరిమెయ్యండి," అన్నాడు మంత్రగాడు సింగరప్ప.

ఆ దగ్గు విని గురవడి పెళ్ళాం పోలమ్మకీ ఒళ్ళు జలదరించింది. అయినా మొగుడితో కలిసి ఆ బండిని ఎన్నిసార్లు శుభ్రం చేయలేదు!

"మా ఆయనే అయితే నా మాట వింటాడు దొరా. ఒక్కసారి చూడనివ్వండి," అంది.

మంచు కమ్మిన ఎత్తు కిందే బండి మూత తెరిచి, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే నాలుగు ప్లగ్గులూ ఊడదీసింది. నల్లగా మసి పేరుకుని ఉన్నాయి. గురవడు దాచిన కొత్తవి బిగించింది. మోటారు ఒక్క ఊపున ఎత్తెక్కింది.

"చూశారా, దయ్యాన్ని ఎలా ఆడిస్తోందో!" అని అరిచాడు సింగరప్ప.

పోలమ్మ పాత ప్లగ్గులు తెచ్చి అతని ముందు పెట్టింది. "అది వీటిలోనే ఉంది సామీ. నన్ను తరమడమెందుకు? దీన్నే మీ ఇంటికి పట్టుకెళ్ళండి."

"పట్టుకెళ్ళు," అన్నారు దొరవారు.

సింగరప్ప వెనక్కి జరిగాడు. "మా ఇంటికా? దయ్యమేంటి ప్రభూ, అది వట్టి మసి!"

"విన్నారుగా దొరా, మసేనట," అంది పోలమ్మ.

ఊరు వదిలింది సింగరప్పే.

అందరూ వెళ్ళాక శ్మశానంలోంచి సన్నగా దగ్గు వినిపించింది. పోలమ్మ చేతులు తుడుచుకుంటూ, "బండి బాగైందిలే, ఇక పడుకో," అంది.

దగ్గు ఆగింది.