చేతికందిన పుస్తకం

బొగ్గుబాయిల ఊరిలో గ్రంథాలయ శిక్షణకు చేరిన సారంగపాణికి ఒక్కటే మింగుడుపడలేదు. చరిత్రలో ఎమ్మే చదివినవాడు నెల రోజులపాటు పిల్లల పుస్తకాలు చదవాలట! ఒక్కొక్కటీ చదివి, అందులో ఏముందో ఖాదర్ మాస్టారికి ఒప్పజెప్పాలట.

"ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని చెబుతాను సార్. ఈ కుందేళ్ళ కథలు నాకెందుకు? ఈ ఒక్క నెలా వదిలేయండి," అన్నాడు.

పాతికేళ్ళుగా లైబ్రేరియన్లకు పని నేర్పుతున్న ఖాదర్ మాస్టారు "సరే" అన్నారు. అంతే.

మూడోనాడు పొద్దున బాయిలో గని పైకప్పు కూలింది. పదకొండుమంది లోపల చిక్కుకుపోయారు. బాయి ముందు వేసిన షామియానా కింద వాళ్ళ ఆడవాళ్ళు కూర్చున్నారు. పిల్లలు ఓ మూల బిక్కుబిక్కుమంటున్నారు.

"పిల్లల పుస్తకాలు నాలుగు పట్టుకురా," అన్నారు మాస్టారు. సారంగపాణి అరలో చేతికందినవి నాలుగు తీసుకుని ఆయన వెంట నడిచాడు.

షామియానా కింద మాస్టారు ఏడుస్తున్న పసివాణ్ణొకణ్ణి భుజాన వేసుకుని తిప్పుతున్నారు. సారంగపాణి ఓ పుస్తకం తెరిచాడు. మంచి గొంతు. పిల్లలు దగ్గరికి జరిగారు.

కథలో నాన్న ఎలుగుబంటి చీకటి గుహలోకి వెళ్ళి ఎంతకీ రాదు. పిల్ల ఎలుగు గుహ ముందు కూర్చుని ఎదురుచూస్తుంది. అక్కడికి వచ్చేసరికి సారంగపాణికి తను ఏం చదువుతున్నాడో తెలిసింది. ఆపుదామంటే అందరి కళ్ళూ పేజీమీదే ఉన్నాయి. చివరికి నాన్న ఎలుగు తేనెపట్టు పట్టుకుని బయటికొచ్చింది.

ఆరేళ్ళ రాజమణి అతని మోకాలు పట్టుకుంది. "సారూ, మా బాపు గూడ గట్లనే అస్తడా?"

సారంగపాణి పుస్తకం మూశాడు.

"అస్తడా సారూ?"

మాస్టారు పసివాడితోనే వచ్చి ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చున్నారు. "తెల్వదు బిడ్డా," అన్నారు. మిగిలిన మూడు పుస్తకాల అట్టలు చూసి, రెండు పక్కన పెట్టి, ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు. బురదలోంచి లేవనని మొరాయించిన బర్రె కథ. నింపాదిగా చదివారు. రాజమణి నవ్వలేదు. ఆయన రెండో భుజానికి తల ఆనించింది.

మధ్యాహ్నానికి మొదటి స్ట్రెచర్ పైకొచ్చింది. రాజమణి తల్లిని ఎవరో పేరుపెట్టి పిలిచారు. ఆమె లేచి, రెండడుగులు వేసి, కూలబడింది. షామియానా అంతా గొల్లుమంది. ఒకావిడ పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుపోయింది.

తిరుగుదారిలో సారంగపాణి ఎలుగుబంటి పుస్తకం అట్టవైపే చూస్తూ నడిచాడు.

"సార్, ఆ పుస్తకం..." అన్నాడు.

"పుస్తకం మంచిదే సారంగపాణీ," అన్నారు మాస్టారు. "ఇంకో రోజైతే నేనూ అదే చదివేవాణ్ణి."