కట్ట గట్టిదహో!

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే ఆ ఊరివాళ్ళు నాతో తగువుకొస్తారు గనక చెప్పను, గండభేరుండ భూపతి అనే రాజు ఉండేవాడు. పేరుకు తగ్గ మీసాలు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, పూటకో పొగడ్త చెవిన పడకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ ఊళ్ళో ఒక మంచి ఏర్పాటుండేది. రాజుగారి తాతగారు పెట్టింది. దండోరా రాజుది కాదు, ఊరిది. డప్పు కొట్టే గంగులుకు కూలి ఖజానా నుంచి రాదు. ఇంటింటివాళ్ళూ నెలకోసారి గుప్పెడు గింజలు పోస్తారు. ఏది చాటాలో నిర్ణయించడానికి నాలుగు వీధులవాళ్ళూ ఎన్నుకున్న నలుగురు పెద్దలుంటారు. రాజుగారి ఉప్పు తినేవాడెవడూ ఆ పెద్దల్లో ఉండరాదని తాతగారి కట్టడి.

అందుకే గంగులు డప్పు మీద దెబ్బ పడితే చాలు, రోళ్ళలో రోకళ్ళు ఆగేవి, అంగళ్ళలో బేరాలు ఆగేవి. దండోరాలో వచ్చిందంటే ఇక తిరుగులేదు.

అలా ఉండగా రాజుగారు ఏటికి కొత్త కట్ట కట్టించే పని తన బావమరిది కుప్పరాజుకు అప్పగించాడు. కుప్పరాజు బంకమట్టి ఉండాల్సిన చోట ఇసుక పోయించి, రాళ్ళు ఉండాల్సిన చోట తన మేడకు మెట్లు కట్టించుకున్నాడు. పెద్దలు వెళ్ళి చూసొచ్చారు. మర్నాడు గంగులు నాలుగు వీధుల్లోనూ చాటాడు. "ఏటి కట్టలో ఇసుక పోశారహో! వానాకాలం జాగ్రత్తహో!"

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "నా రాజ్యంలో, నా వీధుల్లో, నా బావమరిది మీద దండోరానా?" అని పెద్దలు నలుగుర్నీ తీసేశాడు. వాళ్ళ చోట కుప్పరాజును, తన మేనమామను, ఇద్దరు చుట్టాలను కూర్చోబెట్టాడు.

కొలువులో మాచన్న అనే హాస్యగాడు ఉండేవాడు. పల్లపు వీధుల్లో పుట్టి, నోటి చలవతో రాజుగారి కొలువు దాకా వచ్చినవాడు. అతనికి ఈ పని నచ్చలేదు.

"ప్రభూ, తాతగారు పక్షపాతం ఉండకూడదన్నారు గదా?" అన్నాడు.

"ఎక్కడుందోయ్ పక్షపాతం?" అన్నాడు రాజు. "మా అమ్మవైపు వాళ్ళు ఇద్దరు, మా ఆవిడవైపు వాళ్ళు ఇద్దరు. ఇరుపక్షాలూ సరిసమానం! ఇంతకంటే న్యాయం ఎక్కడైనా ఉందా?"

సభంతా చప్పట్లు కొట్టింది. మాచన్న కూడా కొట్టాడు. కొట్టక చస్తాడా?

ఆనాటి నుంచి దండోరా తీరే మారిపోయింది. గంగులు పాపం, పొట్టకూటి కోసం వాళ్ళు చెప్పిందల్లా చాటాడు. రాజుగారి పాదమహిమ వల్ల వంకాయల్లో పుచ్చులు లేవహో అన్నాడు. రాజుగారు ఊరేగితే ఎండ చల్లబడిందహో అన్నాడు. జనం కొన్నాళ్ళు విన్నారు. తర్వాత నవ్వుకున్నారు. ఆ తర్వాత ఒక కొత్త లెక్క నేర్చుకున్నారు. దండోరా ఏమంటే దానికి ఎదురు నిజమన్నమాట!

"ఉప్పు ధర పెరగదహో" అనగానే ఆడవాళ్ళు కుండలు పట్టుకుని ఉప్పు కొట్టుకు పరుగెత్తేవాళ్ళు. "పులి అడవిలోకి వెళ్ళిపోయిందహో" అంటే తలుపులకు గడియలు పడేవి. ఒకసారి "రాజుగారికి జలుబు నయమైందహో" అని చాటితే, "అయ్యో పాపం, ముదిరినట్టుంది" అని ముసలమ్మలు మిరియాల కషాయం కాచి కోటకు పంపారు. రాజుగారు దాన్ని తన మీద ప్రేమనుకుని మురిసిపోయాడు. మాచన్న మాత్రం ఆ కషాయం చెంబుల వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

భాద్రపదం వచ్చింది. పైన కొండల్లో కుంభవృష్టి. ఒకరోజు పొద్దున్నే మాచన్న స్నానానికని ఏటికి వెళ్ళాడు. కట్ట అడుగున, ఊరివైపు, బురదనీళ్ళు బుడబుడమని ఊరుతున్నాయి. వేలు పెడితే మట్టి పిండిలా రాలింది. ఎగువన ఏరు ఎర్రగా, ఉరకలేస్తూ వస్తోంది.

మాచన్న స్నానం మాట మరిచి, బురద కాళ్ళతోనే పల్లపు వీధులకు పరుగెత్తాడు. తల్లి పోతే తనను పెంచిన పిన్ని నాగమ్మ వాకిట్లో పుల్లట్లు పోస్తోంది.

"పిన్నీ! కట్ట తెగేలా ఉంది. పొయ్యి ఆర్పి గుట్ట మీది సత్రానికి నడువు!"

నాగమ్మ అట్టు తిరగేసింది. "పోయినేడు మన అమ్మవారి మేక మాట్లాడిందని చెప్పి మమ్మల్నందర్నీ నవ్వించింది నువ్వే గదరా! పో, పోయి మీ రాజుగారిని నవ్వించు."

"హాస్యం కాదు పిన్నీ, నీ మీద ఒట్టు!"

అట్ల కోసం నిలబడ్డ నేతగాడు కల్పించుకున్నాడు. "మాచన్నా, నువ్వు కోట మనిషివి. ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది. మమ్మల్ని గుట్ట ఎక్కించి మా ఇళ్ళ చోట కుప్పరాజుకు ఇంకో మేడ కడతారా ఏం?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. మాచన్నకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ రాజుగారి పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన చేతులు గదా, ఇప్పుడు జోడించినా నమ్మేవాడు లేడు. వాకిళ్ళలో పిల్లలు గోలీలాడుకుంటున్నారు. వాళ్ళ వెనక అల్లంత దూరంలో ఆ కట్ట.

అక్కడినుంచి సరాసరి కొలువుకు వెళ్ళాడు. "ప్రభూ, ఏటి కట్ట తెగబోతోంది. పల్లపు వీధులు ఖాళీ చేయమని వెంటనే దండోరా వేయించండి!"

కుప్పరాజు లేచి నిలబడ్డాడు. "బావగారూ, ఇది కట్ట మీద నింద కాదు, మీ మీద నింద! ఆ కట్టకు మీ పేరు పెట్టాం."

"నిజమే సుమా," అన్నాడు రాజు. మీసం వణికింది. "గండభేరుండ కట్ట తెగుతుందని నా డప్పు మీదే చాటిస్తానా? నోరు మూసుకో మాచన్నా!"

మాచన్న నోరు మూసుకున్నాడు. ఒక క్షణం అంతే. ఉన్నట్టుండి అతనికి ఆ కషాయం చెంబులు గుర్తొచ్చాయి. వెంటనే సాష్టాంగపడ్డాడు.

"క్షమించండి ప్రభూ, బుద్ధి గడ్డి తింది. ఏలినవారి పేరున్న కట్ట తెగడమేమిటి? అయితే ఊళ్ళో నాలాంటి మూర్ఖులు ఇంకా ఉంటారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి, కట్ట గట్టిదని దండోరా వేయించండి. అదీ మామూలుగా కాదు, కుప్పరాజుగారే ఏనుగెక్కి దగ్గరుండి చాటించాలి."

"భేష్!" అన్నాడు రాజు. "ఇప్పుడు దారికొచ్చావ్. ఏమని చాటాలో నువ్వే చెప్పు."

మధ్యాహ్నానికల్లా పల్లపు వీధుల్లోకి ఏనుగొచ్చింది. పైన కుప్పరాజు, ముందు గంగులు.

"కట్ట గట్టిదహో! ఏనుగులు తొక్కినా చెక్కు చెదరదహో! ఈ పూట ఎవరూ గుట్ట మీది సత్రానికి వెళ్ళనక్కర్లేదహో! పశువుల పలుపులు విప్పనక్కర్లేదహో! ముసలివాళ్ళను బండ్లలో ఎక్కించనక్కర్లేదహో! బియ్యం, చింతపండు మూట కట్టనక్కర్లేదహో! కుప్పరాజుగారు మీసం మీద చెయ్యేసి హామీ ఇస్తున్నారహో!"

కుప్పరాజు నిజంగానే మీసం మీద చెయ్యేశాడు. ఏనుగు వీధి మలుపు తిరిగిందో లేదో, నాగమ్మ పొయ్యిలో నీళ్ళు గుమ్మరించింది.

"ఓరి నాయనో! మాచిగాడు చెప్పింది నిజమేనర్రోయ్! కట్ట పోతోంది! పదండి, పదండి!"

పలుపులు విప్పారు, ముసలివాళ్ళను బండ్లెక్కించారు, బియ్యం, చింతపండు మూట కట్టారు. చాటింపులో మాచన్న ఏ పనీ మరిచిపోకుండా చెప్పించాడు గదా, ఒక్కటీ వదల్లేదు.

పొద్దు వాలేసరికి రాజుగారు మేడ మీద నిలబడి చూస్తే, ఊరు ఊరంతా కోటవైపు కదిలి వస్తోంది. రాజుగారి ముఖం విప్పారింది. "చూశావా మాచన్నా, నాకు జేజేలు కొట్టడానికి వస్తున్నారు!" అని తలపాగా సర్దుకుని చెయ్యెత్తాడు. జనం కోట వాకిలి దాకా వచ్చారు, ఆగకుండా దాటిపోయారు, గుట్ట ఎక్కసాగారు. ఒక దూడ మాత్రం ఆగి రాజుగారి వంక చూసింది. దాన్నీ ఎవరో తోలుకుపోయారు.

"ఎక్కడికి వీళ్ళంతా? కదలొద్దని చాటించాను గదా!"

"అందుకే కదిలారు ప్రభూ," అన్నాడు మాచన్న మెల్లగా. ఇక దాచలేదు. జనం దండోరాను ఎలా వింటున్నారో మొదటినుంచి చివరిదాకా చెప్పేశాడు, కషాయం సంగతితో సహా.

"రాజద్రోహం!" అని అరిచాడు అప్పుడే ఏనుగు దిగి వచ్చిన కుప్పరాజు. "బావగారూ, నా మాట నమ్మనివాడు ఈ ఊళ్ళో ఒక్కడుండడు!"

రాజు కిందికి వేలు చూపించాడు. "ఆ ముత్యాల కుచ్చుల పల్లకీ ఎవరిది? గుట్ట ఎక్కుతోంది."

కుప్పరాజు తొంగి చూశాడు. అది అతని భార్య పల్లకీ. ఏటి ఒడ్డు మేడ వదిలి, నగల పెట్టెతో సహా ఆవిడే అందరికంటే ముందు బయల్దేరింది.

అయినా రాజుగారి కోపం తీరలేదు. "మాచన్నా, నా దండోరాను నవ్వులపాలు చేశావు. తెల్లారేసరికి ఆ కట్ట నిలిచి ఉంటే నీ తల ఉండదు."

మాచన్న తల వంచాడు. "చిత్తం. అది నిలవాలనే మొక్కుకుంటాను ప్రభూ. నా తలదేముంది, ఒక్కటే. అక్కడున్నవి వందల కొంపలు."

ఆ మాట ఇంకా పూర్తికాలేదు. దీపాలు పెట్టే వేళ, ఏటి వైపు నుంచి భూమి అదిరేలా ఒక చప్పుడు వచ్చింది. గండభేరుండ కట్ట నిలువునా తెగిపోయింది. రాజుగారు చూస్తుండగానే పల్లపు వీధుల్లో నీళ్ళు చూరులంటాయి. మట్టిగోడలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. కానీ ఎక్కడా ఒక్క కేక వినపడలేదు. కేక వెయ్యడానికి అక్కడ ఒక్క ప్రాణి లేదు.

రాజు మేడ గోడ పట్టుకుని గుట్ట వైపు తిరిగాడు. "ఆ జనానికి ఆకలేస్తుందిరా," అన్నాడు. "వంటవాళ్ళను పిలవండి. గుట్ట కింద పందిళ్ళు వేసి అన్నం, పప్పు వండించండి. నా సొంత ఖర్చు. రమ్మని దండోరా వేయించండి."

చెప్పాను గదా, మనిషి చెడ్డవాడు కాదని.

తెల్లవారగానే గంగులు గుట్ట చుట్టూ తిరిగి చాటాడు. "రాజుగారు అన్నం పెడుతున్నారహో! కడుపునిండా తినండహో!" పందిళ్ళలో విస్తళ్ళు పరిచి ఉన్నాయి. అన్నం ఆవిర్లు కక్కుతోంది. రాజుగారు స్వయంగా గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క పురుగు రాలేదు. గుట్ట మీద బియ్యం మూటలున్నాయి గానీ వండుకోవడానికి కుండల్లేవు, పుల్లల్లేవు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, తల్లులు వాళ్ళను ఒళ్ళో అదుముకుంటున్నారు తప్ప కదలలేదు. "అన్నమంటున్నారంటే వెట్టికి పట్టుకుపోతారేమో" అని గుసగుసలు.

రాజుగారికి కళ్ళు చెమర్చాయి. ఎన్ని పొగడ్తలు వినిపించుకున్నాడో, ఇప్పుడు నోరు తెరిచి నిజం చెబితే చెవిన వేసుకునేవాడు లేడు.

"మాచన్నా, వీళ్ళకు ఎలా చెప్పనురా? నువ్వే దండోరా పెద్దవు కా. కుప్పరాజును ఇప్పుడే తీసేస్తున్నాను. చుట్టాలందర్నీ తీసేస్తున్నాను."

"వద్దు ప్రభూ," అన్నాడు మాచన్న. "నేనూ ఏలినవారి ఉప్పు తినేవాణ్ణే. నిన్న నా సొంత పిన్నే నన్ను నమ్మలేదు. మీరు ఎవర్ని కూర్చోబెట్టినా అతను మీ మనిషే అవుతాడు. పాత పెద్దలు నలుగురూ ఆ గుట్ట మీదే ఉన్నారు. డప్పు వాళ్ళకిచ్చి, మీరు పక్కకు తప్పుకోండి."

"వాళ్ళు నన్ను తిడుతూ చాటితే?"

"చాటుతారు ప్రభూ. భరించాలి."

రాజుగారు సరేనన్నాడు. పెద్దలు నలుగురూ ఒక చోట కూర్చుని మాట్లాడుకుని, గంగులు చెవిలో చెప్పారు. గంగులు డప్పు సరిచేసుకుని, ఏడాది తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకుని చాటాడు.

"కట్ట తెగిందహో! ఇసుకతో కట్టింది కుప్పరాజహో! అతనికి ఆ పని ఇచ్చింది రాజుగారహో! చెప్పినవాళ్ళను తీసేసిందీ రాజుగారేనహో! గుట్ట కింద అన్నం వండి ఉందహో!"

గుట్ట మీద నేతగాడు లేచి పంచె దులుపుకున్నాడు. "మొదటి నాలుగూ అక్షరాలా నిజం. అయిదోది మాత్రం ఎందుకు అబద్ధమవుతుంది? పదండి."

ఇక చూడాలి! పందిళ్ళు కిక్కిరిసిపోయాయి. రాజుగారు చెమటలు కక్కుతూ వరసలో వడ్డించుకుంటూ వచ్చాడు. నాగమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, తలెత్తి చూసింది.

"బాబూ, అన్నం బాగానే ఉంది గానీ, పప్పులో ఉప్పు లేదు."

పక్కనున్న భటులు బిగుసుకుపోయారు. రాజుగారు గరిటెలోంచి ఇంత పప్పు అరచేతిలో వేసుకుని నాకి చూశాడు.

"అవ్వా, నిజమే! బొత్తిగా లేదు!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి పందిళ్ళన్నీ నవ్వాయి. రాజుగారు నవ్వుతూనే తన చేతి బంగారు కడియం తీసి మాచన్న చేతికి తొడిగి, "ముందు పోయి ఉప్పు పట్రా," అన్నాడు.