సాల మెరిసిన రోజు

షంసుద్దీన్ పీర్ దగ్గర చేరి నలభై రోజులైనా జలీల్‌కి ఒక్క పాఠమూ దక్కలేదు. దక్కిందల్లా గుర్రపు లద్దె.

పదకొండేళ్లు అరబ్బీ చదివినవాడు. మసీదులో లేచి మాట్లాడితే పెద్దవాళ్లు సైతం చెవి ఒగ్గేవారు. అలాంటివాడికి గురువు మొదటిరోజే పార చేతికిచ్చాడు.

"ఈ ముసలి గుర్రానికి గిట్టలు మెత్తబడ్డాయి. తడి తగిలితే కుళ్లుతాయి. గుర్రపుసాల శుభ్రంగా ఉంచు. శుభ్రమయ్యాక పిలువు, కూర్చుని మాట్లాడుకుందాం."

జలీల్ లద్దె ఎత్తేవాడు. ఎండుగడ్డి పరిచేవాడు. గురువును పిలవడానికి గడప దాటాడో లేదో, వెనక నుంచి దబదబా లద్దె పడ్డ చప్పుడు.

"నీకేం పోయేకాలమే! ఒక్క ఘడియ ఆగలేవూ?"

గుర్రం తాపీగా తోక ఊపేది.

నలభై ఒకటో రోజు ఇక అతనివల్ల కాలేదు. తెల్లారగానే గుర్రాన్ని బయటికి లాక్కెళ్లి బావి పక్కన కట్టేశాడు. నేల కడిగాడు, ఆరబెట్టాడు, కొత్తగడ్డి పరిచాడు. కసికొద్దీ గోడలకు సున్నం కూడా కొట్టాడు. మధ్యాహ్నానికి సాల పెళ్లివారిల్లులా ఉంది.

"హజ్రత్, రండి! ఈసారి ఎక్కడైనా వంక పెట్టండి, చూస్తాను."

గురువు వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. నాలుగు మూలలూ చూశాడు. గడ్డి మీద అరచేయి ఆనించి చూసుకున్నాడు.

"చాలా బాగుంది" అన్నాడు. "ఇందులో ఎవరుంటారు?"

 

గురువు చెప్పులైనా తొడుక్కోకుండా బావి వైపు నడిచాడు. నిన్నటి వానకు అక్కడంతా బురద. గుర్రం అందులో దిగబడి, ఒక ముందుకాలు ఎత్తిపట్టి నిలబడి ఉంది. ముసలాయన బురదలోనే చతికిలబడ్డాడు. ఆ కాలు ఒళ్లో పెట్టుకుని, తలపాగా విప్పి తుడవడం మొదలుపెట్టాడు.

"హజ్రత్, మీరు లేవండి! నేను చేస్తాను."

గురువు లేవలేదు. తలపాగాలో సగం చింపి అతనికిచ్చాడు.

జలీల్ ఆయన పక్కనే కూర్చున్నాడు. రెండో కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. గిట్ట కింద వేలు తగలగానే గుర్రం ఒళ్లంతా వణికింది.

"మెల్లగా" అన్నాడు గురువు. "అక్కడ నొప్పి."